సుమన్ వంతు

మే 30

జ్యోత్స్న కాలేజీ రికార్డు పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి. అడిగితే ఎందుకంటుంది. అడగకుండానే తీసుకున్నాను. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు కోడి గీకినట్టు ఉన్నాయి. ఉండనీ. నేను తప్ప ఎవరు చదువుతారు.

నోటితో చెప్పబోతే ఏడుపు వస్తుంది. నేను ఏడిస్తే మా అత్త ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే ఆయన లేచి సముద్రం వైపు వెళ్ళిపోతాడు. రాస్తే ఎవరికీ వినపడదు.

నా కొడుకు యువరాజు ఫోను పెట్టెలో వాడి బట్టల మధ్య ఉంది. అంతకు ముందు ఫోను ఉప్పునీళ్ళలో పడి పాడైంది. ఇది కొత్తదని వేటకి తీసుకెళ్ళేవాడు కాదు. ఆ రోజు కూడా ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. ఫోను మిగిలింది.

ఇవాళ మధ్యాహ్నం గదిలోంచి చప్పట్లు వినిపించాయి. చాలామంది ఒకచోట చేరి కొడుతున్నట్టు. వెళ్ళి చూస్తే జ్యోత్స్న ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏటే అది?"

"అన్నయ్య ఆటమ్మా. మజ్జిలో ఆపీసి ఉంది."

చుట్టూ సముద్రం, మధ్యలో దీవి. దీవి అంతా గళ్ళు గళ్ళు. ముగ్గురు మనుషుల బొమ్మలు నిలబడి ఉన్నాయి. ఊపిరి తీస్తున్నట్టు వాటి భుజాలు కదులుతున్నాయి. ఒక బొమ్మ నెత్తి మీద యువరాజు అని ఉంది. ఇంగ్లీషు అక్షరాలే. వాడి పేరు ఏ భాషలో రాసినా నాకు తెలుస్తుంది. తెప్ప మీద కూడా అలాగే రాయించుకున్నాడు.

ఫోను లాక్కున్నాను. మళ్ళీ పెట్టెలో పెట్టాను. మళ్ళీ తీశాను.

జూన్ 1

జ్యోత్స్న చేత అంతా చెప్పించుకున్నాను.

అది టీవీలో చూపించే పందెమట. దీవిలో పన్నెండు మందిని వదిలేస్తారు. ఒకర్నొకరు చంపుకోవాలి. లోకమంతా టీవీలో చూస్తుంది. మంచి దెబ్బ కొట్టినవాడికి చప్పట్లు. చప్పట్లు ఎక్కువైతే పైనుంచి తిండీ, కత్తులూ దించుతారు. ఎవరైనా ఊరికే ఆగితే చూసేవాళ్ళకి విసుగు పుట్టి చప్పట్లు తగ్గుతాయి. యువరాజు ఆరుగురు, మా తమ్ముడి కొడుకు సుమన్ ఆరుగురు. ఒకే ఫోనులో ఇద్దరూ ఆడతారు. ఒకడు తనవాళ్ళని జరిపి ఫోను రెండోవాడికి ఇవ్వాలి. వాడు జరిపి తిరిగి ఇవ్వాలి. వంతుల ఆట.

బొమ్మలకి మా పేర్లే పెట్టుకున్నారు వెధవలు. వాడి వైపు వాళ్ళ అయ్య, నేను, జ్యోత్స్న, మా అత్త ముసలమ్మ, మా వీధి కుక్క. సుమన్ వైపు వాళ్ళ అమ్మ దమయంతి, చెల్లెలు రజని, ఇంకా తెప్ప మీది జట్టువాళ్ళు.

అత్త మంచం మీంచే వింటోంది.

"ఆటలో నానున్నానేటే?"

"ఉన్నావు మామ్మా. మొదటి వంతులోనే సచ్చిపోనావు."

"ఎవులు సంపీసినారు?"

"సుమన్ బావ. రాయుచ్చుకు కొట్టీసినాడు."

"ఓలమ్మా! ఆడికి పురుడు పోసిందెవులే? నానే గదా! నా సేతిలో ఏటున్నాది?"

"గరిటె."

"గరిటుంటే ఎలగ బతుకుతాను! యువరాజుకి సెప్పు, ఈపాలి నాకు బల్లెం ఇమ్మని..."

అని ఆగిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మిగిలింది యువరాజు, నేను, సుమన్. నా చేతిలో గొడ్డలి పెట్టాడు. చేపలు కోసే కత్తి తప్ప నేనేం పట్టాను? సుమన్ ఎత్తైన బండ మీద విల్లు పట్టుకుని ఉన్నాడు. యువరాజు కింద ఇసకలో. వాడి నెత్తి మీద ప్రాణం గీత ఎర్రగా, చీమంత మిగిలి ఉంది. ఇప్పుడు సుమన్ వంతు.

"ఇది ఎన్నాళ్ళిలగుంటాది?" అన్నాను.

"ఎన్నాళ్ళైనా. ఎవులో ఒకలు కదిపితేగాని కదల్దమ్మా."

"పదేళ్ళైనా?"

"ఫోను బతికున్నంత కాలం."

జూన్ 2

ఇవాళ దాన్ని ముట్టుకోలేదు.

ఛార్జింగు పెట్టాను, అంతే.

జూన్ 4

పొద్దున వాకిలి ఊడుస్తూ మధ్యలో వదిలేశాను. ఏరు దాకా వెళ్ళి ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వచ్చాను. జీడితోటల వైపు వెళ్ళాను. అక్కడా నిలబడలేకపోయాను. కాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది. ఫోను చేతిలోకి తీసుకుంటే కొంచెం నిలకడ. వాడు అందులో ఊపిరి తీస్తూ నిలబడి ఉంటాడు. మిగతా లోకమంతా నడిచిపోతోంది. టెక్కలి బస్సు వేళకి వస్తోంది, మామిడిపళ్ళు అయిపోవచ్చాయి. ఇదొక్కటే ఆగి ఉంది.

సుమన్ వంతు గనక ఆగి ఉంది. వాడు మా గడప తొక్కడు. తొక్కనివ్వను.

ఇంజిను దగ్గర సుమన్ ఉన్నాడు. ఊరందరికీ తెలుసు.

జూన్ 7

దమయంతి వచ్చింది. మా తమ్ముడి పెళ్ళాం, సుమన్ తల్లి. వస్తూ ములక్కాడలు తెచ్చింది. వాకిట్లోనే నిలబడింది. కూర్చోమనలేదు నేను.

"వదినా, వేట నిషేధం తీసేసే రోజు దగ్గరకొచ్చీసినాది."

"అయితే?"

"అయితే ఏటంటే ఏటి సెప్పను. ఊరంతా ఇంజిన్లు బాగు సేయించుకుంతన్నారు. మన తెప్ప అలగే బోర్లా పడున్నాది. నువ్వొచ్చి పసుపు నీళ్ళు పోత్తేగాని ఎవులూ సెయ్యెయ్యరు."

మా వాడలో అంతే. సముద్రం మనిషిని తీసుకుంటే, ఆ తెప్పని ఊరికే నీళ్ళలోకి దించరు. పోయినవాడి తల్లి వచ్చి పసుపు నీళ్ళు పోయాలి. బిడ్డ వీపు చరిచినట్టు తెప్పని అరచేత్తో చరిచి, ఎల్లి రా అనాలి. తల్లి లేకపోతే పెళ్ళాం. ఆ మాట నోటితో అనాలి. అనకుండా దించితే తెప్ప ఇంకొకర్ని అడుగుతుందని పెద్దవాళ్ళ భయం. ఎంత మొండివాడైనా దాటడు.

"ఇంట్లో పసుపు నేదు," అన్నాను.

దమయంతి నా మొహం వైపు చూసింది. "నానిత్తాను."

"నీ ఇంటి పసుపు నాకొద్దు."

"వదినా! మీ తమ్ముడు వారానికి రెండుపాళ్ళు డయాలసిస్‌కి పలాస ఎల్తన్నాడు. బండి మీద కూకోబెట్టి తీసుకెల్లీది సుమనే, ఇల్లు నడిపీదీ ఆడే. మిగతా ముగ్గురి ఇళ్ళూ అంతే. నా కొడుకు మీద కోపముంటే ఆణ్ణి కొట్టు. సెప్పుచ్చుకు కొట్టు. తెప్పనెందుకు కొడతన్నావు?"

"నీకు కొడుకున్నాడు, కొట్టమని సెప్తన్నావు. నాను ఎవుల్ని కొట్టమని సెప్పను?"

ములక్కాడలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. వాటిని మేక తినేసింది. నేను చూస్తూనే ఉన్నాను, తోలలేదు.

జూన్ 8

పసుపు డబ్బా నిండా ఉంది.

జూన్ 9

ఆయన వాకిట్లో వల అల్లుతున్నాడు. ఎవరి కోసం అని అడిగాను. సేతులు ఊరుకోవు అన్నాడు. కాలు దెబ్బ తిన్నాక ఆయన సముద్రం మానేశాడు. తెప్ప మా ఇంటికీ మా తమ్ముడి ఇంటికీ ఉమ్మడి.

"నువ్వేటంతావు? నీళ్ళు పొయ్యమంతావా?" అన్నాను.

"నానేటంతాను. అది తల్లి సెప్పాల్సిన మాట. తండ్రికి సెప్పలేదు పెద్దోలు."

"మరి సుమన్?"

దారం నోట్లో పెట్టుకుని తెంపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ దినం నువ్వూ దరినే ఉన్నావు గదే కన్నమ్మా."

లేచి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు గాని ఏదో మాడుతున్నట్టు వచ్చేశాను.

ఉన్నాను. బుట్ట పట్టుకుని ఉన్నాను. వేట నిషేధం పెట్టక ముందు, గంగమ్మ సంబరం రోజు. కాశీబుగ్గ నుంచీ, కంచిలి నుంచీ కూడా జనం వచ్చారు. ఒడ్డు పొడుగునా మనుషులే, అందరి చేతుల్లో ఫోన్లే. తెప్పలు కెరటాలు దాటుకుని వస్తుంటే వీడియోలు తీస్తున్నారు. మా తెప్ప రాగానే ఈలలు వేశారు. ఇంజిను దగ్గర సుమన్ ఉన్నాడు.

జూన్ 10

ఆ వీడియో టీవీలో వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. తెప్ప లేస్తుంది, పడుతుంది. మళ్ళీ మొదటికి తెచ్చి లేపుతారు, పడేస్తారు. ఒక్కసారి పోయిన బిడ్డని ఎన్నిసార్లు చంపారో. నేను చూడలేదు. మా టీవీకి దుప్పటి కప్పాను, ఇంకా అలాగే ఉంది. అయినా పక్కింటి టీవీలోంచి ఈలలు వినిపించేవి. ఈలలతో సహా వేశారు.

మైకు పట్టుకుని ఒక అమ్మాయి మా వాకిట్లోకి వచ్చింది. అప్పటికి వాణ్ణి ఇంకా తేలేదు. నా నోటి దగ్గర మైకు పెట్టి, అమ్మా మీకు ఎలా అనిపిస్తోంది అంది. నాకు ఆ పిల్ల మెడలో పూసలు గుర్తున్నాయి. ఏం చెప్పానో గుర్తులేదు. సుమన్ ముంచేశాడు అన్నానట. అదీ వేశారు.

ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఆటలోనూ అలాంటి పిల్ల ఉంది. మనిషి చచ్చిన ప్రతిసారీ మైకు పట్టుకుని మిగిలినవాళ్ళ దగ్గరికి పరిగెత్తుకు వస్తుందట. జ్యోత్స్న చెప్పింది.

"ఏటడుగుతాది?"

"నీకిప్పుడు ఎలగుంది అని."

"ఇది తయారుసేసినోడు మన ఇంటికొచ్చినాడేటే?"

"ఎక్కడో విదేశంలో చేసిందమ్మా. ఆటంతే."

ఆటంతే అంటుంది. యువరాజు కూడా అలాగే అనేవాడు. అన్నం చల్లారిపోతోందిరా అంటే, ఈ ఒక్క వంతమ్మా అనేవాడు.

జూన్ 12

చేశాను.

మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. సుమన్ బొమ్మని వేలితో నొక్కితే చుట్టూ గళ్ళు నీలంగా వెలిగాయి. ఎక్కడికి జరపాలో అడుగుతున్నట్టు. బండ మీద ఉంటే ఒక్క బాణంతో యువరాజుని కొట్టేస్తాడు. దింపేశాను. బండ దింపి, చెట్టు చాటు కూడా లేని చోట, ఇసకలో నిలబెట్టాను. సరే అన్నట్టు టింగుమంది. ఎవరికీ తెలియదు.

ఎంత హాయిగా ఉందో. ఆ రోజు తర్వాత మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నాను.

జూన్ 13

ఆట ఇప్పుడు యువరాజు వంతు అంటోంది. వాడు లేడు గనక నేనే. వాణ్ణి బండ వెనక్కి తెచ్చాను. ఎవరి బాణమూ తగలదు. గొడ్డలి పట్టుకున్న నన్ను సుమన్ వైపు జరిపాను. మళ్ళీ సుమన్ వంతు. వాణ్ణి ఇంకా బయటికి. మళ్ళీ నా వంతు. ఇంకొంచెం దగ్గరికి. వాడి వంతూ నాదే, మా వంతూ నాదే. వాడు ఎటు పోవాలో చెప్పేది నేనే.

నా గొడ్డలి ఒకసారి తగిలింది. ఎన్ని చప్పట్లో! భయం వేసి ఫోను బోర్లించాను. తర్వాత మళ్ళీ విందామనిపించింది.

జూన్ 15

నిషేధం తీసేశారు. తెల్లారకముందే ఊరంతా ఒడ్డునే ఉంది. ఇంజిన్ల చప్పుడుకి ఇంటి గోడలు అదిరాయి. కొబ్బరికాయలు, అగరొత్తులు, పిల్లల కేకలు. నేను వెళ్ళలేదు. తోట గట్టు మీంచి చూశాను.

అన్నీ వెళ్ళాక ఇసక మీద మా తెప్ప ఒక్కటే. సుమన్ అక్కడే ఉన్నాడు. మిగతా తెప్పలని భుజం పెట్టి నీళ్ళలోకి తోశాడు, ఒకదాని తర్వాత ఒకటి. వాళ్ళు వెళ్ళిపోయారు. వీడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చూశాడు. వేరే తెప్ప ఎక్కొచ్చు కదా. ఎవరూ ఎక్కమనలేదో, వీడే ఎక్కలేదో.

చిక్కిపోయాడు. నాకేం.

సాయంత్రం తొలి వేట చేపలు ప్రతి ఇంటి నుంచీ మాకు వచ్చాయి. దుఃఖంలో ఉన్న ఇల్లని పంపుతారు. దమయంతి ఇంటికి ఎవరూ పంపి ఉండరు. అత్త రెండు కానాగంత చేపలు గిన్నెలో వేసి, మీద ఆకు కప్పి, కర్ర పొడుచుకుంటూ ఆ వైపు వెళ్ళింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

జూన్ 16

ఇంజిను దగ్గర సుమన్ ఉన్నాడు.

జూన్ 18

ఇవాళ జ్యోత్స్న టెక్కలి నుంచి ముందుగా వచ్చేసింది. నేను చూసుకోలేదు. ఆటలో నేను సుమన్ పక్క గడిలోకి వచ్చేశాను. ఇంకొక్క గొడ్డలి దెబ్బ. దీవి చుట్టూ జనం లేచి నిలబడ్డారు. చంపు చంపు అన్నట్టుంది వాళ్ళ కేక. వేలు పైకెత్తాను.

ఫోను నా చేతిలోంచి లాగేసింది.

"బావ బండ దిగీసి ఉన్నాడు. ఎవులు దింపినారు? నువ్వేనా? బావ వంతు నువ్వాడతన్నావా?"

"ఇలగియ్యి."

"బావని నీ సేత్తో సంపీత్తావేటమ్మా?"

"ఆటంతే అన్నావు గదే! యువరాజు గెలవాల. అంతే. సుమన్ పోతే మన జట్టు గెలుత్తాది."

అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "జట్టు గెలవడం లేదమ్మా ఇందులో. ఒక్కరే మిగలాల. బావ పోనాక నువ్వూ అన్నయ్యా ఉంతారు. అప్పుడు మీ ఇద్దరిలో ఒకలు రెండో వాళ్ళని సంపాల."

నాకు తెలియదు. అది ముందే చెప్పలేదు. చెప్పిందేమో, నేను వినలేదు.

కొంచెంసేపటికి అన్నాను, "అయితే మంచిదే. నాను సముద్రంలోకి దిగిపోతాను. గడులు అక్కడి దాకా ఉన్నాయి గదా. ఆడొక్కడూ మిగుల్తాడు."

ఆట గురించే అన్నాను.

జ్యోత్స్న మొహం పాలిపోయింది. ఫోను గట్టిగా గుండెకి పట్టుకుంది.

"మరి నాను?"

"నువ్వు ముందే పోనావు గదే ఆటలో."

"అవును. మూడో వంతులో. అన్నయ్య నన్ను ముందుకి తోసీసి నిన్ను వెనక్కి లాక్కున్నాడు. ఆడికి తెలీదు. ఆట గనక తోసినాడు." గొంతు పెరిగింది. "ఇంట్లో నానున్నానమ్మా! ఆ దినం నుంచి నన్ను ఓపాలైనా తిన్నావా అని అడిగినావా? ఇక్కడే ఉన్నాను గదా! నన్నెవులు సంపినారు?"

అత్త మంచం మీంచి, "అడిగినాను గదే నాను, రోజూ," అంది.

"నువ్వు కాదు మామ్మా!"

జూన్ 19

జ్యోత్స్న జడ వేయించుకోవడానికి నా ముందు కూర్చోలేదు. నేనే వెళ్ళి దువ్వెన పట్టుకుని దాని వెనక కూర్చున్నాను. జుట్టు చిక్కులు. ఇన్నాళ్ళూ ఎవరు వేశారో. అడిగితే, రజని వేసింది అంది. సుమన్ చెల్లెలు.

జడ అయ్యాక, "తిన్నావా?" అన్నాను.

"ఊ."

"ఏటి తిన్నావు?"

"ఏటో తిన్నాను."

తిననేలేదు. వండి పెట్టాను. తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. సగం తినగానే లేచి వాకిట్లోకి వెళ్దామనిపించింది. బలవంతంగా కూర్చున్నాను.

జూన్ 20

సుమన్‌ని పిలవమని జ్యోత్స్నతో చెప్పాను. అది అడగలేదు ఎందుకని. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

వచ్చాడు. గడప అవతల నిలబడ్డాడు. గెడ్డం పెరిగిపోయింది. నా కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"కూకో."

"పర్లేదత్తా."

"కూకోమన్నాను."

గడప మీద కూర్చున్నాడు. జ్యోత్స్న దగ్గర ఫోను తీసుకుని, మా వంతు కొట్టకుండా వదిలేసి, వాడికి ఇచ్చాను. "నీ వంతు. ఆడు."

చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో తెర తుడిచాడు. చాలాసేపు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"నాను బండ దిగను గదత్తా."

ఫోను నా వైపు తిప్పి చూపించాడు.

"ఆ బండ కోసం రెండు దినాలు కొట్టుకున్నాం. సచ్చినా దిగను. ఎవులో కదిపినారు. ఇంత పిచ్చిగా కూడా ఎవులాడతారు? ఎండలో నిలబెట్టీసినారు నన్ను..." అని నా మొహం చూశాడు. అర్థమైంది వాడికి. నవ్వు వచ్చేసింది. ఆపుకోలేకపోయాడు. నాకూ వచ్చింది. ఇద్దరం నవ్వాం, అదేం నవ్వో. నవ్వుతూ నవ్వుతూ వాడు గడప మీద తల పెట్టి ఏడ్చాడు. వాడి వీపు ఎగిరెగిరి పడింది. నేను చెయ్యి వేయలేదు. వేయాలని చేయి లేచింది, మధ్యలో ఆగింది.

ఏడుపు తగ్గాక అన్నాడు. "ఆ దినం కెరటాలు పెద్దవొత్తన్నాయి. బయట ఆగుదాం, వరస పోనిద్దాం అన్నాను. ఒడ్డు మీద ఈలలేత్తన్నారు. యువరాజు, బావా ఓపాలి నాకియ్యి ఇంజిను, వీడియోలో పడతాను అన్నాడు. నా వంతది. ఒడ్డుకి తిరిగొచ్చీ రాకడ వంతు నాది. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చీసినాను."

"తెలుసు," అన్నాను.

తలెత్తాడు.

తెలుసు. ఈ ఊళ్ళో ఏ తల్లికైనా తెలుస్తుంది. ఎంత దూరంలో ఉన్నా, తెప్ప మీద నిలబడే తీరు చూసి ఎవరి మనిషో చెప్పేస్తాం. ఎర్ర బనియను, కుడి కాలు ముందుకి, నెత్తి పైకెత్తి. ఇంజిను దగ్గర నా కొడుకు ఉన్నాడు. ఒడ్డు మీద ఈలలు వేసేవాళ్ళకి చెయ్యి ఊపాడు. నన్ను చూసి ఊపాడేమో కూడా. ఆ వెనక కెరటం లేచింది.

"మరి ఊళ్ళో ఎవులికీ ఎందుకు సెప్పలేదురా? నాను టీవీలో అలగన్నాక కూడా?"

"సెప్తే ఏటొత్తాదత్తా. ఆడు రాడు. నీకు ఎవులో ఒకలు గావాల గదా తిట్టడానికి."

వాకిట్లో ఆయన చేతిలో వల ఆగిపోయింది. మళ్ళీ కదిలింది.

"ఆడు," అన్నాను ఫోను చూపించి.

"ఆడితే ఆడు సచ్చిపోతాడత్తా."

"సరిగ్గా ఆడు. మా వాడితో ఎలగాడతావో అలగే. నన్ను సూసి ఆడకు."

"పెద్దగా మార్గం లేదు. నువ్వు పక్కనే గొడ్డలుచ్చుకు ఉన్నావు. ఆడు బండ వెనకున్నాడు గాని నెత్తి కనపడతన్నాది."

"నాకెందుకు సెప్తావు? ఆడు."

ఆడాడు. కళ్ళు మూసుకోలేదు నేను. బాణం వెళ్ళింది. యువరాజు బొమ్మ మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగింది. వెంటనే చప్పట్లు. మైకు పిల్ల పరిగెత్తుకుంటూ నా బొమ్మ దగ్గరికి వచ్చింది. ఏదో అడిగింది. జ్యోత్స్న తెలుగులో చెప్పబోయింది. వద్దన్నాను.

దీవి మీద నేనూ సుమనూ. కింద అక్షరాలు మారాయి.

"ఇప్పుడు ఎవుల వంతు?" అన్నాను.

"నీ వంతత్తా," అన్నాడు. గొడ్డలి పట్టిన నేను, ఎండలో వాడు. పక్క పక్క గళ్ళు.

ఫోను తీసుకుని జ్యోత్స్నకి ఇచ్చాను. ఆట తీసేయాలో ఉంచుకోవాలో నువ్వే చూసుకో అన్నాను. లేచి లోపలికి వెళ్ళి పసుపు డబ్బా వెతికాను. కళ్ళ ఎదురుగానే ఉంది. కనపడలేదు, అంత మసకగా ఉన్నాయి కళ్ళు. అత్తే అందించింది.

జూన్ 21

ఏం రాయను. నిద్ర లేదు. ఇంకా చీకటే. తెల్లారగానే వెళ్ళాలి.

జూన్ 22

నిన్న పొద్దున వెళ్ళాను. ఒకవైపు జ్యోత్స్న, ఒకవైపు దమయంతి. ఆయన వెనకాల కుంటుకుంటూ.

తెప్పని తిరగేసి ముక్కు నీళ్ళ వైపు పెట్టారు. దాని పక్కన వాడి పేరు అలాగే ఉంది. ఎవరో చెరిపేద్దామా అన్నారట, సుమన్ ఒప్పుకోలేదట. పసుపు నీళ్ళు పోశాను. ముక్కు మీంచి జారి ఇసకలో ఇంకిపోయాయి. చరచాలి. చెయ్యి ఎత్తాను, గట్టిగా కొట్టాను. వీపు చరిచినట్టు కాదు, కొట్టినట్టే కొట్టాను. అరచెయ్యి మండిపోయింది. ఇంకోసారి కొట్టాను. ఇంకోసారి. జనం ఊరుకున్నారు. దమయంతి నా చెయ్యి పట్టుకోబోతే ఆయన, "ఉండనీయమ్మా," అన్నాడు.

అలసిపోయాక మెల్లగా ఒకసారి చరిచాను.

"ఎల్లి రా," అన్నాను.

గొంతు రాలేదు. సుమన్ వినపడలేదన్నట్టు నిలబడ్డాడు. మాట అందరికీ వినపడాలి.

"ఎల్లి రండిరా!"

తోసుకుంటూ దించారు. తొలి కెరటం మీద ఎక్కింది, రెండోదాని మీద ఎక్కింది, దాటేసింది.

నేను ఇంటికి రాలేదు. రమ్మన్నారు, రాలేదు. తాటాకు పందిరి కింద కూర్చున్నాను, లేచాను, నడిచాను, కూర్చున్నాను. జ్యోత్స్న కాలేజీ మానేసి నాతో ఉంది. దమయంతి గంజి తెచ్చింది. మధ్యాహ్నం దాటింది. మిగతా తెప్పలు వచ్చేశాయి. గాలి మారింది. కెరటాలు లేచాయి.

తర్వాత కనపడింది. కెరటాలకి అవతల. ఇంజిను దగ్గర ఎవరున్నారో నిలబడిన తీరు చూసి చెప్పాను. సుమన్. ఈసారి నిజంగానే.

వస్తాడనుకున్నాను. రాలేదు. ముక్కు కెరటానికి ఎదురుగా పెట్టి, ఇంజిను తగ్గించి, అక్కడే ఆగిపోయాడు. ఒక వరస పెద్ద కెరటాలు వచ్చి విరిగాయి. వాడు కదలలేదు. ఇంకో వరస. ఒడ్డున చేపల కోసం చూసేవాళ్ళు గొణిగారు. ఎవరో కాశీబుగ్గ కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. "ఏటన్నా, దమ్ము లేదేటి, రా!" అని ఒకడు అరిచాడు. ఈల వేశాడు.

నేను లేచి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. పక్కన నిలబడ్డాను, అంతే. జ్యోత్స్న వచ్చి నా పక్కన నిలబడింది. దమయంతి అటువైపు. వాడు మా మొహాలు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సుమన్ ఇంకా ఆగే ఉన్నాడు. నాకే చిరాకు పుట్టింది. కాళ్ళు ఇసకలో కూరుకుపోతున్నాయి, ఒక కాలు తీసి ఒక కాలు పెడుతున్నాను. రావచ్చు కదా, ఇప్పుడు రావచ్చు కదా, చిన్నవే కదా అనిపిస్తోంది. పైకి మాత్రం ఒక్కటే మాట. "ఆగు. ఆగరా. ఇంకా ఆగు." వాడికి వినపడదు. జ్యోత్స్న చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నానట. తర్వాత చూపించింది, ఎర్రగా కమిలింది.

అప్పుడు ఒక్కసారి సముద్రం వెనక్కి తగ్గింది. ఇంజిను చప్పుడు పెరిగింది. తెప్ప ముక్కు ఇసకలో దిగింది.

దమయంతి కూలబడిపోయింది. సుమన్ దిగి, నీళ్ళు ఓడుతూ నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఏమంటానో అని చూస్తున్నాడు.

"ఇంతసేపేట్రా!" అన్నాను. "ఎంతసేపురా ఆగడం! పొద్దున్నుంచి జ్యోత్స్న గుంట ఏమీ తిన్లేదు. పద, ఇంటికి పద. చేపలు తర్వాత సూసుకుందురు. పద."

ఇద్దర్నీ ముందు నడిపించుకుని వచ్చాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను.